ఎంగిలిమెతుకు – దీవిపక్షి

మన గ్రంథాలయమునకు 25 సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున రజతోత్సవ సంచికకు ఏదైన నొక చరిత్రవ్యాసము వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు నన్ను కోరిరి. చరిత్ర యనగానే రాజులు, యుద్ధములు, శాసనములు మనకు జ్ఞాపకము వచ్చును. నేను వ్రాయబూనినది అట్టి చరిత్ర కాదు. మనము తిని విడిచిన అన్నము ఎచ్చటికి పోవుచుండెను, దానిని ఎవరు తినుచుండిరి, ఆ ఏర్పాటు చెడిన పిమ్మట మన తీరమందలి పక్షులకును తాబేళ్లకును ఏమి సంభవించుచున్నది అనునదియే నా విషయము. ఇది మిక్కిలి అల్పమైన సంగతి యని కొందరు తలంపవచ్చును. కాని ఎంగిలిమెతుకు చిన్నదే యైనను, చిన్న దీవిలో అది ఎంతటి పని చేయగలదో తెలిసికొన్నచో ఆ తలంపు నిలువదు.

ప్రళయకావేరి

నెల్లూరుసీమకు దక్షిణపుకొనయందు, సముద్రమునకు ఇవతల, ఉప్పునీరు మంచినీరు కలిసి నిలుచు పులికాటు సరస్సు కలదు. మన పెద్దలు దానిని ప్రళయకావేరి యనిరి. స.వెం. రమేశ్ గారి ‘ప్రళయకావేరి కథలు’ వెలువడినది మొదలు ఈ పేరు తెలుగుదేశమంతటను మరల వినవచ్చుచున్నది. సరస్సు పొడవు సుమారు 60 కిలోమీటర్లు. లోతు మాత్రము మిక్కిలి తక్కువ. అనేక స్థలములందు మనిషి నడుము మునుగదు. ఒరిస్సాలోని చిలుక సరస్సు తరువాత మన దేశమున ఇంతటి ఉప్పునీటి కయ్య వేరొకటి లేదు. సరస్సులో అధికభాగము ఆంధ్రప్రదేశమునందును, దక్షిణభాగము తమిళనాడునందును ఉన్నది. కాళంగి, ఆరణి మొదలగు నదులు దీనిలోనికి వచ్చును. తూర్పున సముద్రమునకును సరస్సునకును నడుమ అడ్డుకట్టవలె పరుండియున్నది శ్రీహరికోట. సరస్సు లోపల వేనాడు, ఇరకము మొదలగు దీవులు కలవు. ఇరకము పోవువారికి తరతరములుగా పడవయే దారి. 2022 ఏప్రిల్ నెలలో జరిగిన జిల్లాల పునర్విభజనయందు సూళ్లూరుపేట, తడ, దొరవారిసత్రము ప్రాంతములు తిరుపతి జిల్లాలో చేరినవి. అయినను మాటలోను, వంటలోను, బంధుత్వములోను అవి నెల్లూరుసీమలోనివే.

ఈ సరస్సు ఒడ్డున విదేశీయులు కాలుమోపిన కథ మీరు చదివియే యుందురు. డచ్చివారు 1610లో పులికాటున స్థిరపడి, కొలదికాలమునకే కోట కట్టుకొనిరి. ఆంగ్లేయులు 1620ల దశకమున దుగరాజపట్టణమున బిడారు వేసి, దానిని ఆర్మగామని పిలిచిరి. అచ్చటినుండియే 1639లో చెన్నపట్టణమునకు దారి చూచుకొనిరి. వారు కోరి వచ్చినది రంగుబట్టలకొరకు. ఆ బట్టలకు ఎరుపునిచ్చు చిరివేరును ఈ ఇసుకనేలలలో త్రవ్వి తెచ్చినవారు యానాదులు. చరిత్రగ్రంథములందు కోటలకు చోటు దొరకినది గాని, చిరివేరు త్రవ్వినవారికి ఒకటి రెండు పంక్తులకంటె ఎక్కువ చోటు దొరకలేదు.

1835లో కుంఫిణీ ప్రభుత్వము శ్రీహరికోటను తన స్వాధీనమునకు తీసికొని, చెన్నపట్టణమునకు వంటకట్టెలు పంపుటకై అందలి అడవిని కాపాడసాగెను. పట్టణమువారి పొయ్యిలోని నిప్పు ఈ దీవి అడవినుండి పోయెడిది. ఆ దీవిలోని యానాదుల పొయ్యిమీద మాత్రము ఉడికినదేమి? చేప, దుంప, తేనె, పొలమున ఎలుకకలుగును త్రవ్వి తీసిన ధాన్యము. ఎలుక దాచినదానిని గూడ విడువక తెచ్చుకొని వండుకొనినవారు వారు. అట్టివారి గుడిసెముందర కాకికి మిగులునది ఏమి యుండును? వారు ఎలుకలను పట్టుటవలన ఎలుకలును పెచ్చుపెరుగలేదు. ఎలుకలు పక్షిగుడ్లను తినునని నేటి జంతుశాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. తాము పక్షులను రక్షించుచున్నామని యానాదులు ఎన్నడును చెప్పుకొనలేదు. వారి బ్రతుకుతెరువే అట్లుండెను.

కుడితితొట్టి చేసిన మేలు

తీరమందలి తక్కిన ఊళ్లలో ఏమి జరుగుచుండెను? మన ఇండ్లలో కుడితితొట్టి యుండెడిది. బియ్యము కడిగిన నీరు, గంజి, కూరగాయల తొక్కు, కంచములో మిగిలిన నాలుగు మెతుకులు, పులిసిన కూర – అంతయు అందులోనికే పోయెడిది. సాయంకాలమునకు గేదె దానిని త్రాగెడిది. మరునాటి ఉదయము అదియే పాలై తిరిగివచ్చెడిది. రాత్రి మిగిలిన అన్నము చద్దియై తెల్లవారి పొలమునకు పోయెడిది. చేపలు ఎక్కువ పడిన దినమున పట్టపువారు వానిని ఉప్పులోవేసి ఎండబెట్టెడివారు. చేపపొట్టు, తల, రొయ్యపొట్టు కోళ్లకును, పందులకును, కొబ్బరిచెట్టు పాదునకును పోయెడివి. తిన్న ఆకు పెంటకుప్పలో క్రుళ్లి, తొలకరికి ఎరువై పొలము చేరెడిది.

ఎవరైన పిసినిగొట్టును గూర్చి చెప్పవలసివచ్చినపుడు, వాడు ఎంగిలిచేత కాకిని తోలడు అని మనవారందురు. చేతినంటిన మెతుకు రాలి కాకికి పోవునేమో యని వాని భయమట! ఇది ఎగతాళికి పుట్టిన సామెత. అయినను ఈ సామెత వెనుక ఒక కాలపు స్థితి దాగియున్నది. చేతికంటిన మెతుకునకు గూడ లెక్కయున్న కాలమది. కాకికి దొరకునది తక్కువ. తక్కువ గనుక ఊరిలో కాకులును ఊరికి తగినన్నియే యుండెడివి.

ఆ కాలము బంగారుకాలమని నేను చెప్పను. ఆ పొదుపునకు వెనుక ఆకలి యుండెను. 1876–78 నడుమ వచ్చిన ధాతకరువును మన తాతముత్తాతలు చూచిరి. లక్షల జనము నశించిన ఆ కరువులో, కూలికి గింజలకొరకు జనులు కాలువపనులకు పోయిరి. చెన్నపట్టణమున అడయారు, కూవము నదులను కలుపు కాలువభాగమును 1877–78లో కరువుపనిగా త్రవ్వించిరి. గవర్నరు పేర అది బకింగుహాము కాలువయైనది. అదే కాలువ పులికాటు మీదుగా మన తీరమువెంట ఉత్తరమునకు సాగిపోయినది. గుప్పెడు గింజలకై మనుష్యులు మట్టిమోసిన కాలువ యది. నేడు దాని గట్టున పెండ్లిభోజనములలో మిగిలిన అన్నము బుట్టలతో పారబోయబడుచుండగా చూచినపుడెల్ల నాకు ధాతకరువు గుర్తు వచ్చును. ఆకలి తగ్గినందుకు సంతోషింపవలసినదే. కాని ఆకలితో బాటు మనము పోగొట్టుకొనినది మరియొకటి కలదు.

మారిన కాలము

శ్రీహరికోటను 1969లో అంతరిక్షప్రయోగముల కేంద్రముగా ఎంచిరి. 1971 అక్టోబరు 9వ తేదీన రోహిణి–125 అను చిన్న రాకెట్టు అచ్చటినుండి ఎగిరెను. సరస్సుమీదుగా సూళ్లూరుపేటనుండి దీవికి బాట పడెను. దీవిలోని ఊళ్లవారు వేరుచోట్లకు తరలిరి. వారు విడిచిన పశువులలో కొన్ని అడవిపట్టి, మనిషి పొడగిట్టని మందలైపోయినవి. మనిషి దీవినుండి వెడలినను అతడు తెచ్చినది వెడలదని ఆ మందలే తెలుపును.

1976లో పులికాటు సరస్సునందలి మన భాగమును, దొరవారిసత్రము చెంతనున్న నేలపట్టును పక్షిరక్షణస్థలములుగా ప్రభుత్వము ప్రకటించెను. శీతకాలమున పులికాటునకు రాజహంసలు వేలకొలదిగా వచ్చును. ఫ్లెమింగోలని ఆంగ్లమున పిలువబడు పక్షులివి. నేలపట్టు చెరువులో నీటికడప చెట్లపై గూడబాతులు, నత్తగుల్లకొంగలు గూళ్లుకట్టి పిల్లలను లేపును. ఈ పక్షులను చూచుటకై ఈ శతాబ్దపు ఆరంభమునుండి సూళ్లూరుపేటలో రాజహంసల పండుగయు జరుగుచు వచ్చినది.

ఇదే అర్ధశతాబ్దమున మన ఇండ్లలో మరియొక మార్పు చప్పుడు లేక జరిగెను. గేదెలు తగ్గినవి. కుడితితొట్టి పగిలినచో క్రొత్తది కొనువారు లేకపోయిరి. పాలు పొట్లములలో వచ్చెను. బియ్యము సులభముగా దొరకెను. సంతోషము! వండునది పెరిగెను, మిగులునది పెరిగెను. మిగిలినదానిని తినవలసిన గేదె ఇంటిలో లేదు. కావున ఆ అన్నము ఇల్లు దాటి వీధికి, వీధి దాటి చెరువుగట్టునకు, పడవయెక్కి దీవికి పోయెను. ఇంటి గేదె తినవలసినది ఊరికాకి, ఊరకుక్క, కలుగులోని ఎలుక తినుచున్నవి. ఈ వ్యాసమున నేను చెప్పదలచిన ముఖ్యాంశము ఇంతియే. మనవారు ఒక్కసారిగా చెడ్డవారు కాలేదు. ఎంగిలిని మేలుగా మార్చు ఏర్పాటు ఒకటి పోయినది. దాని చోట వేరొకటి రాలేదు.

సముద్రముదాటిన మన కాకి

ఎంగిలి పెరిగినచో ఏమి జరుగునో తెలిసికొనుటకు దేశాంతరముల చరిత్రను ఒక్కింత చూతము. ఆఫ్రికాఖండపు తూర్పుతీరమునకు ఎదురుగా జాంజిబారు అను దీవి కలదు. 1890ల దశకమున, ఆంగ్లేయుల ప్రాబల్యము నడచుచుండగా, ఆ పట్టణములోని చెత్తను తినివేయుటకై మన దేశమునుండి కాకులను తెప్పించి విడిచిరి. మన పెరటిగోడపై వ్రాలు బూడిదరంగు మెడగల కాకియే అది. ఉపాయము బాగుగానే యున్నట్లు తోచినది. జీతము లేని పాకీవాండ్రు దొరకిరి గదా! కాని కాకులకు చెత్త చాలలేదు. అవి పెరిగి, ఆ దీవిలోని చిన్నపక్షుల గూళ్లపై పడి, గుడ్లను పిల్లలను తినసాగెను. పిమ్మట ఎదురుగానున్న ఖండపు తీరపట్టణములకును వ్యాపించెను. 1990ల తొలి సంవత్సరములలో వానిని పట్టి చంపి చాల తగ్గించిరి. ఆ పని ఆగిపోయిన వెంటనే మరల పెరిగెను. చెత్త ఉన్నంతకాలము కాకి ఉండునని వారికి ఒక శతాబ్దము తరువాత తెలిసెను.

వేరొక కథ అమెరికాలో మెయిన్ అను రాష్ట్రపు తీరమునందలిది. అచ్చట ఈస్టర్న్ ఎగ్ రాక్ అను 7 ఎకరముల రాతిదీవి కలదు. పఫిన్ అను సముద్రపక్షులు పూర్వమందు అచ్చట గూళ్లుపెట్టెడివి. 19వ శతాబ్దమున వేటగాండ్రు వానిని తుదముట్టించిరి. వేట ఆగినను పఫినులు తిరిగి రాలేదు. ఏలయన, చేపలపడవలు పారవేయు వ్యర్థమును, పట్టణముల చెత్తదిబ్బలను తిని సముద్రపుకాకులు మిక్కుటముగా పెరిగి ఆ దీవులను ఆక్రమించెను. 1973లో స్టీఫెన్ క్రెస్ అను పక్షిశాస్త్రజ్ఞుడు కెనడాలోని న్యూఫౌండ్లాండునుండి పఫిను పిల్లలను తెచ్చి, చేతితో చేపలు పెట్టి, ఆ దీవిలో పెంచసాగెను. సముద్రపుకాకులను అచ్చటినుండి తొలగింపవలసి వచ్చెను. 1981లో పఫినులు తిరిగి అచ్చట గూడుపెట్టెను. నేటికిని ప్రతి వేసవిని మనుష్యులు ఆ దీవిపై కాపలా యుందురు. కొలదిపాటి అజాగ్రత్త చెరిపినదానిని దిద్దుటకు తరములు పట్టుచున్నవి.

దీవియొక్క బలహీనత

పెద్ద నేలపై ఎంగిలి పడినచో దాని చెరుపు నలుదెసలకు చెదరిపోవును. దీవిలో అట్లు కాదు. అచ్చట చెట్లు తక్కువ. అనేకపక్షులు నేలమీదనే గుడ్లుపెట్టును. తీతువుపిట్ట నాలుగు గుడ్లను గులకరాళ్ల నడుమ పెట్టును. గుడ్లపై మచ్చలు రాళ్లమచ్చలవలెనే యుండును. నీటిమీద ఎగురుచు చేపలను పట్టు టెర్నులు ఇసుకలో చిన్నగుంట చేసి అందే గుడ్లుపెట్టును. వీని రక్షణ అంతయు ఇతరులకు కనబడకుండుటయందే యున్నది. కాకి పదిసార్లు ఆ చోటికి వచ్చినచో పదకొండవసారి కనుగొనును.

మరియొక విశేషము. మన పులికాటు వేసవిలో చాలవరకు ఎండిపోవును. అంతవరకు నీరు కాపాడిన దీవులకు అపుడు కుక్కలు నడచిపోవును. సరిగా అదే వేసవియందే నేలగూటిపక్షులు గుడ్లుపెట్టు కాలము. దీవిలో ఎంగిలి యున్నచో కుక్క అచ్చటనే నిలుచును. లేకున్నచో తిరిగి ఊరికి వచ్చును. శీతకాలమున బురదనేలపై మేయు రాజహంసలు మన ఎంగిలిని తినవు. వాని ఆహారము నీటిలోని సూక్ష్మజీవులును నాచును. కాని ఎంగిలికై వచ్చిన కుక్క వానిని మాటిమాటికి లేపి తరుమును. దూరదేశమునుండి అలసివచ్చిన పక్షి మేతకు బదులుగా పరుగులతో దినము గడపవలసివచ్చును.

సముద్రపుటొడ్డునను ఇదే కథ. ఆలివ్ రిడ్లే అను సముద్రపు తాబేళ్లు జనవరి మొదలు మార్చి వరకు రాత్రివేళ మన ఇసుకతీరములకు వచ్చి, గుంటత్రవ్వి, నూరింటికి అటునిటుగా గుడ్లుపెట్టి పూడ్చిపోవును. 45 మొదలు 60 దినములకు పిల్లలు వెలువడును. జాలరులు తాబేటిని కూర్మావతారమని భావించి వలలో పడినచో విడిచిపెట్టు ఆచారము మన తీరమున కలదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణచట్టముకూడ దానిని కాపాడుచున్నది. కాని ఒడ్డున పారవేసిన చేపవ్యర్థమునకు మరగిన కుక్కకు ఆచారము తెలియదు, చట్టము తెలియదు. చేపవాసన పట్టు ముక్కుతోనే అది తాబేటిగుడ్లను కనుగొనును. వలనుండి మనము విడిచిన తల్లి పెట్టిన గుడ్లను మన చేపపొట్టు పెంచిన కుక్క త్రవ్వి తినుచున్నది. ఇందులో తప్పు కుక్కది కాదు.

మా తప్పు ఒకటి

ఇతరులకు బుద్ధిచెప్పుటకు ముందు మా తప్పును ఒప్పుకొనుట న్యాయము. కొన్నేండ్లక్రిందట ఫాల్గుణమాసమున మన గ్రంథాలయసభ్యులము నలువదిమందిమి పడవలలో ఒక దీవికి విజ్ఞానయాత్ర పోతిమి. పక్షులను చూచుటయే మా ఉద్దేశము. పడవవాడు ఒకచోట మమ్ము నిలిపి, తీతువుగూడు చూపెను. నాలుగు గుడ్లు! పిల్లలు ఊపిరి బిగబట్టి చూచిరి. పిమ్మట సమీపమున చెట్టునీడను కూర్చుండి పులిహోర, చేపలవేపుడు, పెరుగన్నము తింటిమి. నలువదిమందికి వండినది అరువదిమందికి సరిపడునంత యుండెను. మిగిలినదానిని ఆకులతోసహా చెట్టుక్రింద కుప్పపోసితిమి. “పక్షులు తినును గదా, పుణ్యము” అని అన్నవాడను నేనే.

పదిదినముల తరువాత ఆ పడవవాడు బజారులో కనబడెను. గూటి సంగతి అడిగితిని. కాకులును కుక్కలును మూడు దినములు ఆ చెట్టుక్రిందనే యున్నవనియు, గూడు ఖాళీ యైనదనియు చెప్పెను. నేను మాటాడకుండుట చూచి, “మీరు పెట్టిన కూడు అయిపోయినాక అయి ఊరికే ఉంటాయా సారూ?” అనెను. ఆ మాటలో నింద లేదు. ఎండ కాయునని చెప్పినట్లు చెప్పెను. పక్షుల పుస్తకములు చదివి పోయిన మాకు తెలియనిది ఆయనకు తెలియును. ఆ దినమే మేము ఆయనను ముందుగా అడిగియున్నచో ఆ నాలుగు పిల్లలు ఎగిరి యుండెడివి.

ధర్మసందేహము

ఇచ్చట పెద్దలు ఒక ప్రశ్న వేయుదురు: “కాకికి పిడికెడు పెట్టుట మన ధర్మము గదా? భూతబలి పంచమహాయజ్ఞములలో ఒకటి గదా? పితృదేవతల పిండము కాకి ముట్టనిదే మనకు తృప్తి కలుగదు గదా?” నిజమే. ఆ ధర్మమును కాదనుటకు నేను ఎవడను? కాని భూతబలి యనగా గృహస్థుడు తాను తినకముందు తీసిపెట్టు ముద్ద. అది లెక్కగలది, పెట్టువాని ఆకలినుండి తీసినది, అతని వాకిట పెట్టునది. తాను తినలేక విడిచిన బుట్టెడు కూడు బలి కాదు, దానమును కాదు. బరువు దించుకొనుట మాత్రమే. అన్నము పరబ్రహ్మస్వరూపమని నమ్మువారము దానిని దీవిలో క్రుళ్లబెట్టుట ఎట్లు పొసగును? పిడికెడు మన వాకిట పెట్టుదము; దీవిలో మాత్రము ఏమియు విడువకుందము.

ఇంకొక భ్రమయు కలదు. కుక్కలు పెరిగినవని విషము పెట్టించుట కొన్ని ఊళ్లలో జరిగినది. అది పాపమే కాదు, వ్యర్థము కూడ. విషము తిన్న కుక్కను తిన్న గ్రద్దయు చచ్చును. ఎంగిలి అట్లే యున్నచో చచ్చిన కుక్కచోటికి వేరొక కుక్క వచ్చును. కుక్కలకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయించుట ప్రభుత్వనియమము ఒప్పిన మార్గము. దానితోబాటు తిండిని మూసివేయుట మన చేతిలోని మార్గము.

చేయవలసిన పని

2016లో కేంద్రప్రభుత్వము ఘనవ్యర్థముల నియమములను ప్రకటించి, తడిచెత్తను పొడిచెత్తను ఇంటిలోనే వేరుచేయవలెనని చెప్పెను. మన రాష్ట్రమున అనేక పంచాయతీలలో చెత్తనుండి సంపద తయారుచేయు షెడ్లు కట్టిరి. షెడ్డు కట్టుట ప్రభుత్వము పని. తడిచెత్తను అచ్చటికి చేర్చుట మన పని. ఈ రెండవది జరుగనిచో మొదటిది గోడలుగా నిలిచిపోవును.

తీరపుటూళ్లలో చేపవ్యర్థము ముఖ్యము. దానిని ఇసుకలో పూడ్చినంత మాత్రమున చాలదు, కుక్క త్రవ్వును. ఇటుకలతో కట్టిన తొట్టిలో, అడుగున ఎండుటాకులు పరచి, చేపవ్యర్థము ఒక పాలునకు ఎండుటాకులు, రంపపుపొట్టు, కొబ్బరిపీచు మూడు పాళ్లు చొప్పున పొరలుగా వేసి, పైన ఇనుపజల్లెడ మూత బిగింపవలెను. తడి ఎక్కువైనచో కంపుకొట్టును. ఆకులు మరికొన్ని వేసినచో తగ్గును. కొన్ని నెలలకు నల్లని ఎరువగును. కొబ్బరికిని కూరపాదులకును అంతకు మించినది లేదు. ఇది పాత పెంటకుప్పయే. మూత ఒక్కటియే క్రొత్తది. చచ్చిన కోళ్లను, కోడివ్యర్థమును మాత్రము ఎచ్చటను బయట వేయరాదు. 2024 ఫిబ్రవరిలో మన నెల్లూరు జిల్లాలో కోళ్లకు బర్డ్‌ఫ్లూ సోకిన సంగతి మరువరాదు. అట్టి రోగము కోడినుండి అడవిపక్షికిని, అడవిపక్షినుండి కోడికిని ప్రాకగలదు.

దీవికి పోవువారికి నియమము ఒక్కటి చాలును: పడవలో ఎక్కినది పడవలోనే తిరిగి రావలెను. ప్రతి పడవలో మూతగల బుట్ట యొకటి యుంచవలెను. వంటవారికి తలలెక్క ముందే చెప్పవలెను. దీవులలో ఉరుసునకు, జాతరకు జనము చేరునపుడు వడ్డించు పెద్దలే ఒక గంపను, ఇద్దరు కుఱ్ఱవాండ్రను దీనికై నియమించుట మంచిది. దీవులలో కాపురమున్నవారిని నేను ఇందు తప్పుపట్టుటలేదు. వారి ఇండ్లలో నేటికిని కోళ్లు, మేకలు ఉన్నవి. మనకంటె వారే తక్కువ పారవేయుదురు. పొట్లములు కట్టుకొని పోవునది మనమే.

మనిషియు పక్షియు ఒకరికొకరు మేలుచేసికొని బ్రతుకవచ్చునని నేలపట్టు చూపుచున్నది. అచ్చటి చెరువులో గూడబాతుల రెట్ట కలిసిన నీరు పొలములకు బలమిచ్చును. ఆ గ్రామస్థులు పక్షులను మంగళకరములుగా భావించి, వానిని బాధింపక తరతరములుగా కాపాడుచున్నారు. ప్రభుత్వపు ప్రకటన వచ్చినది 1976లో. గ్రామస్థుల ప్రేమ అంతకు పూర్వమే యున్నది. చట్టము వారి అలవాటునకు ముద్రవేసినది. ఎచ్చట అలవాటు ముందుండునో అచ్చట చట్టమునకు బలముండును.

తుదకు మన గ్రంథాలయమునకు ఒక మనవి. ఈ 25 సంవత్సరములలో మనము పుస్తకములు చేర్చితిమి, పత్రికలు తెప్పించితిమి. రజతోత్సవపు గుర్తుగా ఒక తెల్లకాగితముల పుస్తకమును చదువుబల్లపై నుంచుదము. ఏ దినమున ఎచ్చట ఏ పక్షి గూడుపెట్టినది, ఎన్ని గుడ్లు పిల్లలైనవి, ఏ ఒడ్డున తాబేలు ఎక్కినది – పడవవారు, జాలరులు, యానాది సోదరులు, బడిపిల్లలు చూచినది చూచినట్లు చెప్పగా వ్రాసి పెట్టుదము. వ్రాయలేనివారు చెప్పినచో గ్రంథపాలకుడు వ్రాయును. చిరివేరు త్రవ్వినవారిని మరచిన చరిత్ర వంటిది మనము వ్రాయరాదు. మొదటిపుటలో మేము పోగొట్టిన ఆ నాలుగు తీతువుగుడ్ల సంగతిని నా చేతితో నేనే వ్రాయుదును.

స్వర్ణోత్సవము జరుగునాటికి ఆ పుస్తకము నిండియుండవలెనని, అందు ఖాళీగూళ్ల లెక్కకంటె ఎగిరిన పిల్లల లెక్క ఎక్కువ యుండవలెనని కోరుచున్నాను.